తిట్టాల్సింది ఓనర్‌నా కోచ్‌నా? మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ చూసేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండప్పా

అలిపిరి రెడ్ (తిరుపతి)

అన్నా అందరికీ నమస్తే. మాది కొర్లగుంట. మొన్న సోమవారం (2025 నవంబర్ 24) రాత్రి, అంటే మనకి మంగళవారం తెల్లారుజామున ఒకటిన్నరకి, ఎవర్టన్ మ్యాచ్ చూసినోళ్ళు ఇంకెవరైనా ఉండారా లేకపోతే ఈ ఊర్లో నేనొక్కడినే పిచ్చోడినా అని తెలుసుకుందామని రాస్తాండా.

ఇంట్లో అందరూ పడుకున్నాక వంటింట్లో లైట్ వెయ్యకుండా, ఫోన్‌ని కందిపప్పు డబ్బాకి ఆనించి, ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకొని కూర్చున్నా. రెండో చెవి మా నాయన లేస్తాడేమో అని కాపలాకి. 13వ నిమిషంలో వాళ్ళ గుయే సొంత టీమ్ వాడైన కీన్‌నే చెంప మీద ఒకటి పీకి రెడ్ కార్డ్ తీసుకొని పోయినాడు, నాకు నవ్వాగలేదు, మసిగుడ్డ నోట్లో కుక్కుకున్నా. మన గ్రౌండ్, వాళ్ళు పది మంది, ఇంకా 77 నిమిషాల ఆట, దాంతోపాటు అయిదు మ్యాచ్‌లు ఓడకుండా వచ్చినాం, ఇంక ఈ రోజు గోల్స్ లెక్కపెట్టుకోవడమే అనుకున్నా. ఆ తర్వాత పావుగంట కాగానే డ్యూస్‌బరీ-హాల్ కొట్టినాడు చూడు. 1-0. అంతే, చివరిదాకా అదే స్కోర్. మనోళ్ళు పక్క నుంచి క్రాస్ వేసేది, వాళ్ళు తలతో బయటికి కొట్టేది, మళ్ళీ క్రాస్ వేసేది. పది మంది మీద కూడా ముగ్గురు సెంటర్ బ్యాక్‌లు (గోల్ ముందర కాపు కాసేవాళ్ళు) అట్లే వెనకాల నిలబడి ఉండారు, ఎవరిని కాస్తాండారో ఆ దేవుడికే తెలియాల. పైగా అవతల కోచ్ ఎవరు, 2014లో మనోళ్ళు పీకేసిన మోయెసే. వేరే టీమ్‌తో మన గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌కి వచ్చి గెలవడం ఆయనకి ఇదే మొదటిసారంట. మొదటిసారి కూడా మనమే దొరికినాం.

తెల్లారి బాలాజీ కాలనీలో టీ దగ్గర ఇదే గొడవ. మా వాడేమో కోచ్‌ని తీసెయ్యాల్సిందే అంటాడు. నేనేమో పాత కోచ్ ఫెర్గూసన్ తప్పుకున్న 2013 నుంచి మోయెస్, వాన్ హాల్, మౌరిన్యో, సోల్షెర్, రాంగ్నిక్, టెన్ హాగ్, ఆఖరికి అమోరిమ్, ఇంతమందిని మార్చినా పై కుర్చీలో ఉండే గ్లేజర్ల కుటుంబం మాత్రం అదే కదా, రోగం యాడుందో తెలిసి కూడా మందు ఇంకో చోట పూస్తే ఎట్లా అన్నా. వాడు ఒప్పుకోడు. మీరైనా చెప్పండి, ముందు ఎవరిని తిట్టాల?

ఇంకో సమస్య కూడా ఉంది, నవ్వొద్దు. ఇంటర్‌లో ఉన్నప్పుడు, యునైటెడ్ మళ్ళీ లీగ్ కొడితే అలిపిరి నుంచి నడిచెక్కి గుండు చేయించుకుంటా అని మొక్కుకున్నా. 3,550 మెట్లు అప్పట్లో ఒక లెక్కా. ఇప్పుడు మోకాళ్ళు పట్టేస్తాండాయి, జుట్టు దానంతట అదే రాలిపోతాంది, వీళ్ళు గెలిచేలోపల స్వామికి ఇవ్వడానికి ఏం మిగలదేమో అని భయంగా ఉంది.

మామిడితోట మామ (చిత్తూరు)

ఒరే అబ్బోడా నేను చూసినాను, నువ్వొక్కడివే కాదులే. మాకు కరెంటు కూడా పోయింది మధ్యలో, పోయినందుకు సంతోషపడినా.

ఓనర్ సంగతి నీకు మన భాషలో చెప్తా విను. ఒకాయన వచ్చి నీ తోట కొంటా అన్నాడనుకో. తోట బంగారం లాంటిది, ఒక్క రూపాయి అప్పు లేదు. ఆయన చేతిలో డబ్బు తక్కువ, అందుకని కొనబోయే ఆ తోట మీదే అప్పు తెచ్చి ఆ డబ్బుతోనే తోట కొన్నాడు. ఇంక ఆ అప్పుకి వడ్డీ ఎవరు కట్టాల, తోటే కట్టాల, కాయలమ్మి. ఏటేటా కాయలమ్మేది బ్యాంకుకి కట్టేది, మిగిలింది వాటాలని ఇంటికి తీసకపోయేది, బోరు ఎండిపోతే పట్టించుకునేవాడు లేడు, కంచె పడిపోతే ఎత్తేవాడు లేడు. 2005లో ఆ అమెరికా గ్లేజర్లు చేసింది అచ్చం ఇదే, 79 కోట్ల పౌండ్ల బేరంలో సగానికి పైన అప్పే, దాంట్లో పెద్ద భాగం తెచ్చి క్లబ్ నెత్తిన పెట్టినారు. 20 ఏళ్ళుగా వడ్డీ కట్టేది ఎవరు, టికెట్ కొనేవాడూ జెర్సీ కొనేవాడూ. నువ్వు పోయిన సంవత్సరం కొన్న జెర్సీలో ఒక చెయ్యి వడ్డీకే పోయుంటాది. వాన పడితే ఓల్డ్ ట్రాఫర్డ్ పైకప్పు కారేది టీవీలో అందరం చూసినాం గదా, బోరు, కంచె అంటే అదే.

(ఈ ఏడు తోతాపురికి వచ్చిన రేటు చూస్తే నా తోట గ్లేజర్లు కూడా కొనరు, ఆ మాట ఎత్తొద్దులే.)

అక్కడి జనం ఊరికే కూర్చోలేదు, అది కూడా తెలుసుకో. కొన్న ఏడాదే కొంతమంది విసిగిపోయి ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని సొంత క్లబ్ పెట్టుకున్నారు, అది ఇప్పటికీ ఆడతాంది. 2010లో పచ్చ, పసుపు స్కార్ఫ్‌లు కట్టుకొని వచ్చినారు, క్లబ్ న్యూటన్ హీత్‌గా ఉన్నప్పటి రంగులంట. 2021 మేలో అయితే గ్రౌండ్‌లోకే దూరి లివర్‌పూల్ మ్యాచ్ ఆపించినారు. ఏమైంది? పోయినారా? 2024 ఫిబ్రవరిలో రాట్‌క్లిఫ్ అనే ఇంగ్లాండ్ కోటీశ్వరుడికి 27.7 శాతం అమ్మి, తిట్లన్నీ ఆయన మీదికి తోలేసి వాళ్ళు చల్లగా కూర్చుండారు.

ఆయనేం తక్కువోడా. వచ్చీరాగానే వందల మంది ఉద్యోగులని పంపించేసినాడు, మిగిలినోళ్ళకి ఫ్రీగా పెట్టే మధ్యాహ్నం భోజనం కూడా ఆపించినాడంట. దాంట్లో ఎంత మిగిలిందో గానీ, టెన్ హాగ్‌కి 2024 జూలైలో కాంట్రాక్ట్ పొడిగించి అక్టోబర్‌లో పీకేసి ఆ పరిహారం కట్టినాడు, స్పోర్టింగ్ డైరెక్టర్‌ని (ఆటగాళ్ళని కొనే వ్యవహారం చూసేవాడు) నెలల తరబడి బేరమాడి తెచ్చుకొని అయిదు నెలలకే సాగనంపినాడు. అన్నంలో మిగిలించి ఇట్లాంటి వాటికి పోసినాడు. మా ఇంట్లో ఇట్లా చేస్తే మీ అత్త నాకు సంగటి కూడా పెట్టదు.

గన్నర్ కుర్రోడు

మావాళ్ళు ఆర్సెనల్ టాప్‌లో ఉన్నారని గొప్పలు చెప్పడానికి రాలేదు (టాప్‌లోనే ఉన్నాం). కానీ ఒక మాట అన్నా. మాకూ 2021లో ఓనర్ పో పో అని స్టేడియం బయట వేలమంది అరిచినారు. మా కోచ్ ఆర్టెటా రెండు సీజన్లు వరసగా 8వ స్థానం. అప్పుడు మా హాస్టల్‌లో ఆర్సెనల్ జెర్సీ వేసుకుంటే జాలిగా చూసేవాళ్ళు, మెస్‌లో రెండో గుడ్డు ఇచ్చేవాళ్ళు. అదే ఓనరు, అదే కోచు. మార్చింది ఏంటంటే పనికిరానోళ్ళని పంపించేసి వయసులో ఉన్నోళ్ళని తెచ్చుకున్నారు, అంతే. కాబట్టి ఓనర్ మారితేనే బాగుపడతాం అనేది కూడా పూర్తి నిజం కాదు. టైమ్ ఇవ్వండి.

అలిపిరి రెడ్ (తిరుపతి)

తమ్ముడూ 8వ స్థానం అంటే ఇప్పుడు మాకు పండగ. పోయిన సీజన్ మేము 15, 42 పాయింట్లు. యూరోపా ఫైనల్ బిల్బావోలో 17వ స్థానం టోటెన్‌హామ్ మీద ఆడి అది కూడా 1-0తో పోగొట్టుకున్నాం. ఎంత టైమ్ ఇమ్మంటావు చెప్పు.

పీఈటీ సారు

నేను స్కూల్ పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తాను, తిరుపతిలోనే. మామగారు చెప్పిన తోట లెక్క నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. కానీ పది మంది మీద ముగ్గురు సెంటర్ బ్యాక్‌లని పెట్టమని అమెరికా నుంచి ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు కదండీ. ఓనర్ చేసిన పాపం ఓనర్‌ది, కోచ్ చేసిన పొరపాటు కోచ్‌దే. రెండూ ఒకే ఖాతాలో రాస్తే కోచ్‌లు ఎప్పటికీ తప్పించుకుంటారు.

నా కథే చెప్తాను, సిగ్గుగానే ఉంది. యూట్యూబ్‌లో చూసి చూసి నేనూ ఒక సంవత్సరం అండర్ 17 పిల్లలతో 3-4-3 (వెనకాల ముగ్గురు, మధ్యలో నలుగురు, ముందర ముగ్గురు) ఆడించాను. ఆ పద్ధతిలో వింగ్ బ్యాక్‌కి పని ఎక్కువ, లైన్ పొడుగునా ముందుకీ వెనక్కీ పరిగెత్తుతూనే ఉండాలి. నా కుడి వైపు వింగ్ బ్యాక్ రేణిగుంట నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చే పిల్లాడు. వాడు గ్రౌండ్‌కి వచ్చేసరికే సగం ఊపిరి అయిపోయి ఉండేది. అది నేను గమనించలేదు, వాడు వెనక్కి రావట్లేదని తిట్టేవాడిని. నాలుగు గోల్స్ తేడాతో ఓడిన రోజు వాడు నా దగ్గరికొచ్చి తల వంచుకొని, సార్ నేను వెనకాల ఉండేదా ముందర ఉండేదా ఒక్కటి చెప్పండి సార్ అన్నాడు. ఏడుపు ఆపుకుంటున్నాడు, బూటు లేసు ఊడిపోయి మట్టిలో తడిసి ఉంది, అది ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. తర్వాతి మ్యాచ్ నుంచి మామూలు నలుగురు డిఫెండర్లతో ఆడించాను. గెలిచామా అంటే లేదు, కానీ 1-0తోనే ఓడాం.

అమోరిమ్ గారిదీ అదే 3-4-3, పోప్ వచ్చి చెప్పినా నా పద్ధతి మార్చను అన్నారు కదా సెప్టెంబర్‌లో. అది ధైర్యం అని కొందరు రాశారు. అంతకుముందు పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్‌లో ఆ పద్ధతికి సరిపోయే ఆటగాళ్ళు ఉన్నారు కాబట్టి లీగ్ గెలిచారు. ఇక్కడ ఉన్నవాళ్ళు వేరు. ఎండాకాలంలో కూన్యా, ఎంబేమో, షెష్కో అని ముందు వరసకే కోట్లు పోశారు, మిడ్‌ఫీల్డ్‌కి ఒక్కరిని కూడా కొనలేదు. వయసు మీద పడిన కాసెమీరో, బ్రూనో ఇద్దరే మధ్యలో అంత మైదానం కాయాలంటే ఎట్లా? పైగా కోబీ మైనూ లాంటి కుర్రాడిని బెంచీ మీద కూర్చోబెడుతున్నారు. ఆగస్టులో నాలుగో డివిజన్ గ్రిమ్స్‌బీ చేతిలో పెనాల్టీల్లో 12-11తో పోయిన రోజు ఆయన డగౌట్‌లో ఆ చిన్న బోర్డు మీద బిళ్ళలు జరుపుకుంటూ కూర్చున్నారు చూశారా, నాకు నేనే కనిపించాను.

ఓనర్ల గురించి కూడా ఒకటి చెప్పి ఆపేస్తాను. మా పిల్లలకి ఒక పెద్దమనిషి జెర్సీలు కొనిచ్చాడు, మంచి గుడ్డ, వెనకాల ఆయన ఫోటో. అంతవరకు బాగానే ఉంది. వారం తర్వాత ఫోన్ చేసి మా తమ్ముడి కొడుకుని సెంటర్ ఫార్వర్డ్ ఆడించండి సార్ అన్నాడు. ఆడించాను. ఏం చేస్తాం.

గచ్చిబౌలి గ్యాలరీ

అందరూ ఓనర్ ఓనర్ అంటా ఉంటే నాకు నవ్వొస్తాంది, ఏడుపూ వస్తాంది. నాది చిత్తూరు దగ్గర పల్లె, ఉద్యోగం హైదరాబాద్. నేను హైదరాబాద్ ఎఫ్‌సీ ఫ్యాన్‌ని. ఫ్యాన్‌ని అనాలో ఫ్యాన్‌గా ఉండేవాడిని అనాలో తెలీదు.

మాకు కూడా ఒక టైమ్ ఉండేది. 2022 మార్చి 20, గోవా ఫటోర్డా, కేరళ బ్లాస్టర్స్‌తో ఐఎస్ఎల్ (మన దేశం ఫుట్‌బాల్ లీగ్) ఫైనల్, స్టేడియం నిండా వాళ్ళ పసుపు రంగే. ఆట 1-1, పెనాల్టీల్లో మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపినాడు, 3-1తో కప్పు మాది. కోచ్ మనోలో. ఆ సీజన్ ఓగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టినాడు. కరోనా వల్ల అంతకుముందు సీజనూ, ఆ సీజనూ మొత్తం గోవాలోనే ఆడినారు, అంటే మా టీమ్ బాగా ఆడిన రోజుల్లో ఎక్కువ మేము టీవీలోనే చూసినాం. తర్వాత గచ్చిబౌలికి వచ్చినారు, ఆ ఏడు రెండో స్థానం. ఆఫీస్ నుంచి డైరెక్ట్‌గా బ్యాగ్ తగిలించుకొనే పోయేవాడిని, మా ఫ్యాన్ల గుంపు డెక్కన్ లీజియన్ వాళ్ళ డప్పు వినపడితే చాలు ఆకలి కూడా తెలిసేది కాదు.

ఆ తర్వాత మనోలో క్లబ్ వదిలి పోయినాడు. ఆటగాళ్ళకి జీతాలు రాలేదు, ఫిఫా కొత్తోళ్ళని తీసుకోకుండా బ్యాన్ పెట్టింది, ఫారిన్ ఆటగాళ్ళు సీజన్ మధ్యలోనే వెళ్ళిపోయినారు. 2023-24లో 22 మ్యాచ్‌లకి 8 పాయింట్లు, ఒక్కటే గెలుపు. కుర్రోళ్ళని పెట్టుకొని కోచ్ సింగ్టో ఈడ్చుకొచ్చినాడు, ఆయన్ని ఏమని తిట్టాల? తిట్టడానికి మనసొప్పేది కాదు. చివర్లో స్టాండ్‌లో ఎంత తక్కువ మంది ఉండేవాళ్ళంటే గోల్‌కీపర్ డిఫెండర్లని అరిచేది మాకు స్పష్టంగా వినపడేది.

సరే కొత్త ఓనర్లు వచ్చినారు, బాగుపడుతుందిలే అనుకున్నాం. మళ్ళీ 12వ స్థానం. 2025 అక్టోబర్‌లో క్లబ్‌ని ఎత్తుకొని పోయి ఢిల్లీలో పెట్టినారు, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అంట. నా దగ్గర పసుపు జెర్సీలు మూడుండాయి. ఐఎస్ఎల్ 2025-26 సీజన్ హక్కుల గొడవలో నవంబర్ అయిపోవస్తున్నా మొదలే కాలేదు, మొదలైనా నేను చూసేది ఎవరిని?

తిరుపతి తమ్ముడూ, గ్లేజర్లు ఎంత తిన్నా ఓల్డ్ ట్రాఫర్డ్‌ని మాంచెస్టర్ నుంచి లేపుకొని పోలేరు కదా. నువ్వు తిట్టడానికైనా ఒక టీమ్ ఉంది.

మామిడితోట మామ (చిత్తూరు)

అయ్యో. నేను తోటకి నీళ్ళు పెట్టకుండా ఎండగట్టడం చూసినా గానీ, చెట్లు వేర్లతో సహా పీకి లారీలో ఎక్కించుకొని పోవడం ఇప్పుడే వింటాండా. మూడు జెర్సీలూ పారెయ్యొద్దు నాయనా.

గన్నర్ కుర్రోడు

గచ్చిబౌలి అన్నా సారీ. టాప్‌లో ఉన్నాం అన్నది వెనక్కి తీసుకుంటాండా.

అలిపిరి రెడ్ (తిరుపతి)

గచ్చిబౌలి అన్నా, ఏం రాయాలో తెలీక ఒక గంట నుంచి ఫోన్ పట్టుకొని కూర్చున్నా. ఈసారి తిరుపతి వస్తే చెప్పన్నా, టీ నాది.

పీఈటీ సార్, మీరు చెప్పినాక మా వాడితో పూర్తిగా కాకపోయినా సగం ఒప్పుకుంటాండా, కోచ్‌ది కూడా తప్పు ఉంది. కానీ ముందు ఓనర్లే, దాంట్లో తగ్గేది లేదు. ఆ రేణిగుంట పిల్లోడు ఇప్పుడేం చేస్తాండాడు సార్?

మొక్కు గురించి మా అమ్మకి తెలిసిపోయింది. అక్కడ ఇంగ్లాండ్‌లో ఒకడు యునైటెడ్ వరసగా 5 గెలిచేదాకా జుట్టు కత్తిరించను అని ఏడాది పైగా పెంచుకుంటా ఉండాడు, వీడియోల్లో చూసుంటారు. అది చూపించి, చూడమ్మా నాలాంటోళ్ళు అక్కడా ఉండారు అంటే, వాడికి ఉంది పెంచుకుంటాండాడు, నీకేముంది అనింది.

ఆదివారం క్రిస్టల్ ప్యాలెస్ మ్యాచ్. సాయంత్రం అయిదున్నరకే, వంటింట్లో దాక్కోనక్కర్లేదు. మా నాయన కూడా చూస్తా అంటాండాడు, వద్దని ఎట్లా చెప్పాలో తెలీట్లేదు.

పీఈటీ సారు

లైన్‌మ్యాన్ అయ్యాడు బాబూ. విద్యుత్ లైన్‌మ్యాన్.