సైలెన్సర్ మార్చాక ట్యూనింగ్ తప్పనిసరా?

కావలి 350:
2016లో కొన్న నా 350 సీసీ కార్బొరేటర్ బండికి గత నెల నెల్లూరులో వేరే సైలెన్సర్ వేయించాను. ఇంజన్ నుంచి వచ్చే బెండ్ పైపు కంపెనీదే ఉంచి, వెనక శబ్దం తగ్గించే డబ్బా, అంటే మఫ్లర్ ఒక్కటే మార్చారు. అప్పటి నుంచి థ్రాటిల్ వదిలిన ప్రతిసారీ వెనక టపటపమని పేలుతోంది. తెల్లవారుజామున హైవే ఎక్కి సగం థ్రాటిల్ దాటిస్తే, బండి ఒక్క క్షణం తడబడి ఆ తరువాతే అందుకుంటోంది. బిగించినాయన ట్యూనింగ్ (గాలి, పెట్రోలు పాళ్లు సరిచేయడం) అక్కర్లేదని, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుందని చెప్పారు. మరో షెడ్డులో కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి పంపే మెయిన్ జెట్ మార్చకపోతే పిస్టన్ పట్టేస్తుందని భయపెట్టారు. ఎవరి మాట వినాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

గిద్దలూరు ఘాట్:
మొదటి ఆయన మాటే నిజానికి దగ్గరగా ఉంది. నాది బీఎస్6 ఇంజెక్షన్ బండి. మఫ్లర్ మార్చి రెండేళ్లయింది. వెనక మనిషిని కూర్చోబెట్టుకుని నల్లమల ఘాట్‌లో నంద్యాల వైపు ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు, ఒక్కసారి కూడా ఇంజన్ వేడెక్కలేదు, పికప్ తగ్గలేదు. బెండ్ పైపులోని సెన్సర్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి చెబుతుంటే ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే చిన్న కంప్యూటర్, పెట్రోలును తానే సరిచేసుకుంటుంది. ఇక ట్యూనింగ్ ఎందుకు? సైలెన్సర్ కొన్నవాడి జేబులో ఇంకా ఎంత మిగిలిందో చూసుకుని చెప్పే మాట అది.

నెల్లూరు షెడ్డు:
గిద్దలూరు వారి అనుభవం అబద్ధమని నేను అనను. అయితే అది వారి బండికి చెల్లే అనుభవం. వారు చెప్పిన దిద్దుబాటు కూడా నిలకడగా నడిపేటప్పుడే జరుగుతుంది. పూర్తి థ్రాటిల్ ఇచ్చినప్పుడు చాలా బండ్లలో ఈసీయూ సెన్సర్ మాట పక్కనపెట్టి, ఫ్యాక్టరీలో రాసిపెట్టిన పట్టిక ప్రకారమే పెట్రోలు పోస్తుంది. కార్బొరేటర్ బండికి ఆ సెన్సర్ కూడా ఉండదు. కొత్త మఫ్లర్‌తో గాలి ఎక్కువ వస్తోందని దానికి చెప్పేవారెవరూ లేరు.

కావలి వారికి నా సలహా ఏమిటంటే, జెట్ జోలికి పోకముందు బెండ్ పైపుకూ మఫ్లర్‌కూ మధ్య పొగ కారకుండా వేసే ప్యాకింగ్ చూడండి. పొగ ఒకే వేగంతో బయటికి పోదు, అలలుగా పోతుంది. ఒక్కో అల వెనక పీడనం పడిపోయినప్పుడు, అతుకు వదులుగా ఉంటే బయటి గాలి లోపలికి లాగబడుతుంది. మండకుండా మిగిలిన పెట్రోలు ఆ గాలి తగలగానే పైపులోనే అంటుకుంటుంది. ఆ పేలుడే మీకు వినిపిస్తోంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, తడిగుడ్డతో మఫ్లర్ మూతిని కాస్త మూసి, అతుకు మీద సబ్బునీళ్లు పోయండి. బుడగలు వస్తే దొంగ దొరికినట్టే. అతుకు చుట్టూ సన్నటి నల్లటి మసి గీత ఉన్నా అదే అర్థం. మా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడికి అప్పటికే మూడు చోట్ల మూడు జెట్లు మార్చారు, ప్యాకింగ్ మాత్రం ఎవరూ విప్పి చూడలేదు.

ఇక రెండో షెడ్డు వారి మాట. సగం థ్రాటిల్ దగ్గర తడబాటు మెయిన్ జెట్ పని కాదు. ఐడిల్ (థ్రాటిల్ తిప్పని స్థితి) నుంచి పావు వరకు పైలట్ జెట్, పావు నుంచి ముప్పావు వరకు ప్రధానంగా నీడిల్ అనే సూది, ఆపైన మెయిన్ జెట్ చూసుకుంటాయి. నీడిల్‌కు గాట్లుంటే క్లిప్‌ను ఒక గాటు కిందికి దించాలి, లేకపోతే పల్చటి వాషర్ వేసి నీడిల్‌ను కాస్త పైకి లేపాలి, అప్పుడు పెట్రోలు ఎక్కువ వస్తుంది. పిస్టన్ పట్టేస్తుందన్నది టూ స్ట్రోక్ కాలం నాటి భయం. ఆ బండ్లలో ఆయిల్ పెట్రోలుతో కలిసే వచ్చేది కనుక పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గేది.

ఒంగోలు మాస్టారు:
షెడ్డు వారితో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్కటి చేర్చాలి. పేలుడు వినిపించిన ప్రతిచోటా లోపం ఉందనుకోకూడదు. పొగలో మిగిలిన పెట్రోలును మండించడానికి ఎగ్జాస్ట్ పోర్టులోకి తాజా గాలి పంపే ఏర్పాటు చాలా బండ్లకు ఫ్యాక్టరీ నుంచే ఉంటుంది. పాత మఫ్లర్ ఆ చప్పుడును మింగేసేది, కొత్తది మింగదు.

తెల్లవారుజామున తడబడుతోందన్న మాట మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 20 డిగ్రీల దగ్గరి గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 8 శాతం తక్కువ. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట కార్బొరేటర్ మిశ్రమం దానంతటదే కొంత చిక్కబడుతుంది, అంటే గాలితో పోలిస్తే పెట్రోలు పాలు పెరుగుతుంది కాబట్టి పెట్రోలు కొరత బయటపడదు. చల్లటి గాలి తగలగానే బయటపడుతుంది. ఎండలో ట్యూన్ చేయించి డిసెంబరులో తిట్టుకునేవారిని మా ఊళ్లో చూస్తూనే ఉన్నాను.

మైపాడు రోడ్డు:
లోపలి శబ్దం తగ్గించే గొట్టం తీసేశారా, కావలి గారూ? అది లేకపోతే గాలి ప్రవాహం ఇంకా మారుతుంది, ఎంత ట్యూన్ చేసినా శబ్దం తగ్గదు. 175 సీసీ దాటిన బండికి తయారీ ప్రమాణమే 80 డెసిబెల్స్. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

గిద్దలూరు ఘాట్:
కార్బొరేటర్ సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ గ్యాస్ కొలిచే యంత్రం లేకుండా మిశ్రమం పల్చబడిందని, అంటే పెట్రోలు పాలు తగ్గిందని షెడ్డు వారు ఎలా చెబుతున్నారు? పెట్రోలు బంకు దగ్గర పొల్యూషన్ పరీక్షలో వచ్చే అంకె ఐడిల్‌కు మాత్రమే పనికొస్తుంది.

నెల్లూరు షెడ్డు:
అందుకే ప్లగ్గు చూస్తాం. సగం థ్రాటిల్‌లో కొన్ని కిలోమీటర్లు నిలకడగా నడిపి, ఇంజన్‌ను ఐడిల్‌కు రానివ్వకుండా అక్కడే ఆపి విప్పాలి. సున్నం పూసినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, లేత గోధుమ రంగైతే సరిపోయింది, మసి పట్టి ఉంటే ఎక్కువైంది. యంత్రమంత కచ్చితం కాదు, నిజమే. అయినా నోటి మాట కంటే మేలు.

కావలి 350:
గొట్టం తీయలేదు. అతుకు దగ్గర మసి గీత కనిపించింది. ప్యాకింగ్ మార్చగానే పేలుళ్లు దాదాపు పోయాయి, తెల్లవారుజాము తడబాటు మాత్రం అలాగే ఉంది. షెడ్డు వారు చెప్పినట్టే విప్పి చూస్తే రెండు ప్లగ్గులూ తెల్లగా ఉన్నాయి. నీడిల్ కింద ఒక వాషర్ వేయించాక నిన్న నాలుగున్నరకు బయలుదేరి సింగరాయకొండ దాకా వెళ్లి వచ్చాను, ఎక్కడా తడబడలేదు.

గిద్దలూరు ఘాట్:
సంతోషం. కానీ ఆ తడబాటు సైలెన్సర్ వల్లే వచ్చిందని ఎలా తేలింది? మీ బండి మొదటి నుంచీ పల్చగానే నడుస్తూ ఉండవచ్చు గదా. వాషర్ తీసి, పాత సైలెన్సర్ బిగించి అదే వేళకు అదే దారిలో నడిపి చూడండి.

కావలి 350:
మీ అనుమానం సబబే. పాతది ఇంట్లో అటక మీద ఉంది. కొత్త ప్యాకింగ్ ఒకటి కొనుక్కుని ఆదివారం బిగిస్తాను, ప్లగ్గుల రంగు ఇక్కడే రాస్తాను.