‘దియాత్రేత’కి తెలుగు మాట కావాలి

అరసున్న: రోమన్ కవి మార్షల్ లాటిన్ పద్యం ఒకటి మూడు రోజులుగా బుర్ర తినేస్తోంది. “ఓ క్వాంతుం దియాత్రేత వాలెంత్...”, అంటే దియాత్రేత అనే ఖరీదైన గాజు గిన్నెల మహిమ ఎంతో అని. తర్వాత జులపాల బానిస కుర్రాళ్లు ఐదుగురు, చివర్న “పేదగా ఉన్నప్పుడు ఆపెర్‌కి దాహమే వేసేది కాదు” అని, ఆపెర్ అంటే కొత్తగా డబ్బొచ్చినవాడు. బ్రిటన్‌లో హేడ్రియన్ గోడ దగ్గర, రోమన్ల విందొలాండా కోటలో దొరికిన గ్లాడియేటర్ బొమ్మల గాజు కప్పు ఫొటో చూస్తే గుర్తొచ్చింది. సరిహద్దు సిపాయిల మధ్య అంత ఖరీదైన గాజేమిటని ఓ వ్యాసం రాస్తున్నాను. దియాత్రేతకి ‘జాలీ గిన్నె’ అంటే సరిపోతుందా?

గసడదవ: మార్షల్ 12వ పుస్తకం, 70వ పద్యం. ప్రెస్సులో ఆ దీర్ఘం ఎగిరిపోయిందనుకోండి, జాలి గిన్నె అవుతుంది, పాపం పాపం అనుకుంటూ తాగాలి. గ్రీకులో ‘దియా’ అంటే గుండా, ‘త్రేతోస్’ అంటే తొలిచినది. తొలుపుగిన్నె అనండి.

బండిర: తొలుపు ఏంటండీ, పురుగు తొలిచినట్టు! మాది కరీంనగర్, వెండి తీగపని చూస్తూ పెరిగినవాణ్ణి. తీగగిన్నె అనండి, హాయిగా ఉంటుంది.

గసడదవ: తీగపనిలో తీగ వంచి అతికిస్తారు బండిర గారూ. ఇక్కడ మందపాటి గాజు గిన్నె తీసుకుని బయటివైపు నుంచి అరగదీసుకుంటూ పోతే, చివరికి సన్నటి గాజు కాళ్ల మీద గిన్నె చుట్టూ ఒక వల మిగులుతుంది. 1960లో కొలోన్‌లో దొరికినదాని మీద “తాగు, ఎప్పుడూ చక్కగా బతుకు” అని గ్రీకు అక్షరాలు కూడా అలా మిగిల్చినవే.

వట్రసుడి: అసలు చిక్కు వేరే ఉంది. మనకు తెలిసిన వలగిన్నెలు ఎక్కువగా 4వ శతాబ్దానివి, మార్షల్ ఈ పుస్తకం తెచ్చింది 100 దాటిన కొత్తలో. ఆయన దియాత్రేత మామూలు చెక్కుడు గాజే కావచ్చు. 3వ శతాబ్దపు రోమన్ న్యాయవేత్త ఉల్పియన్ మాత్రం స్పష్టంగా చెప్పాడు: దియాత్రేతం గిన్నె చెయ్యమని ఇస్తే, చేతకాక పగలగొట్టినవాడు నష్టం కట్టాలి, ముందే పగుళ్లుంటే వదిలెయ్యొచ్చు. పైగా విందొలాండా కప్పు రంగులు వేసింది, తొలిచింది కాదు. మీ వ్యాసానికి ఈ పద్యం అతకదు.

అరసున్న: అయ్యో. మరి అక్కడి చెక్కపలకల్లో, కమాండరు ఇంటి సామాన్ల పట్టీలో ‘కాలికెస్’, అంటే తాగే గిన్నెలు, ఉన్నాయిగా, మార్షల్ రోజులవే?

వట్రసుడి: ఉన్నాయి, గాజువని ఎక్కడ రాశారు?

బండిర: మార్షల్ అంటే నాకు 14వ పుస్తకంలో నైలు గాజు మీద రెండు పాదాలు చాలు. ఇంకాస్త పనితనం చూపిద్దామని పోయి చేసినవాడే ఎన్నిసార్లు పగలగొట్టుకున్నాడో అంటాడు. ఇంకోచోట పగిలిన గాజుకి గంధకం పుల్లలు మార్చుకునేవాడున్నాడు, అచ్చం మా వీధిలో పాతసామాన్లవాడే.

గసడదవ: ఆ మొదటి పద్యంలో ఆపెర్‌కి 3 లక్షలు ఎవరివల్ల వచ్చాయో చూశారా? ‘పత్రూస్’. ఇంగ్లిషు చదివి మామయ్య అని రాసేరు, మేనమామ అయితే ‘అవుంకులుస్’. ఇది తండ్రి వైపు. పెదనాన్న.

వట్రసుడి: బాబాయి ఎందుకు కాకూడదు?

గసడదవ: ముందు ‘సెనె’ ఉంది, ముసలాడు.

వట్రసుడి: మా బాబాయికి 81.

అరసున్న: మాస్టారూ, వ్యాసం రేపు పంపాలి. జాలీయా, తొలుపా?

బండిర: తీగ.