మైసూరు ప్యాలెస్‌లో అలమేలమ్మ విగ్రహం మనం చూడొచ్చా?

1610లో మైసూరు రాజు రాజ ఒడెయరు శ్రీరంగపట్నం స్వాధీనం చేసుకున్నాక, అక్కడి విజయనగర ప్రతినిధి భార్య అలమేలమ్మ నగల కోసం భటులు వెంటపడ్డారని, ఆమె కావేరిలో దూకుతూ శపించిందని కథ. "తలకాడు ఇసుకపాలవ్వాలి, మాలంగి మడుగైపోవాలి, మైసూరు దొరలకు పిల్లలు పుట్టకూడదు" అని. తలకాడు, మాలంగి కావేరి ఒడ్డునున్న ఊళ్లు. ఆ తర్వాత రాజు పశ్చాత్తాపంతో ఆమె విగ్రహం చేయించి ప్యాలెస్‌లో పూజలు పెట్టించాడంటారు.

ఆ విగ్రహం కోసమే పోయిన ఆదివారం మా అమ్మను తీసుకుని వెళ్లాను. పది గంటలకు లోపలికి వెళ్లి, ఒంటిగంట దాకా తిరిగాం. గొంబె తొట్టి (బొమ్మల మంటపం), కల్యాణ మంటపం, దర్బారు హాలు, ఆవరణలోని గుళ్లు అన్నీ చూశాం. ఆడియో గైడ్‌లో ఆమె పేరే వినిపించలేదు. ఇద్దరు కాపలావాళ్లను అడిగితే ఒకరు "లోపల ఉంది" అన్నారు, ఇంకొకరు తల అడ్డంగా ఊపారు. ఇప్పుడున్న భవనం 1912లో పూర్తయింది, పాత చెక్క ప్యాలెస్ 1897లో కాలిపోయింది కాబట్టి విగ్రహం చోటు మారిందేమో అనిపిస్తోంది. అమ్మ మాత్రం ఆవిడకు ఒక్క దణ్ణం పెట్టుకోవాలని ఇంకా అడుగుతూనే ఉంది.

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం. అలమేలమ్మ విగ్రహాన్ని మీలో ఎవరైనా కళ్లారా చూసి ఉంటే, అది సందర్శకులను వెళ్లనిచ్చే భాగంలోనే ఉందా, ఉంటే సరిగ్గా ఎక్కడో చెప్తారా?