ద్రాక్షతోట పీకేస్తే డబ్బులా? ఫ్రాన్స్ వైన్ రైతుల గొడవ మీద మీరేమంటారు?

పన్నులరావు: 2023లో మిగిలిపోయిన వైన్‌ని కాచి స్పిరిట్ చేయించడానికి ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చింది 20 కోట్ల యూరోలు. 2024లో ద్రాక్షతోట పూర్తిగా పీకేసేవాళ్ళకి హెక్టారుకి 4,000 చొప్పున ఇంకో 12 కోట్లు. పండించినా ఇవ్వాలి, పారబోసినా ఇవ్వాలా? ఇక్కడ ఫ్రాన్స్‌లో పన్ను కడుతున్నా కాబట్టి అడుగుతున్నా.

బోర్డో శీను: రావుగారూ, 4,000 అంటే ఎకరాకి 1,600. దాంతో మేడలు కట్టరు లెండి. నేనుండేది వైన్‌కి పేరున్న బోర్డో పక్కనే. సూపర్‌మార్కెట్లో ఎర్ర వైన్ సీసా 2, 3 యూరోలకే దొరుకుతోంది. అందులో సీసా, బిరడా, లేబులు, షాపు వాటా పోగా రైతుకి మిగిలేదెంత? 1960ల్లో ఇక్కడ మనిషి ఏడాదికి 120 లీటర్లు తాగేవాడు, ఇప్పుడు అందులో మూడో వంతే. చైనా కొనడం తగ్గించింది. 2025లో అమెరికా 15 శాతం సుంకం వేసింది.

ఊరికే_చూస్తా: తాగడం తగ్గితే మంచిదేగా 😀

పన్నులరావు: కథంతా చెప్పారు, 4,000 ఎందుకివ్వాలో చెప్పలేదు.

బోర్డో శీను: ఇవ్వకపోతే పీకరు, వదిలేస్తారు. పీకించడానికీ ఖర్చే కదా, అప్పుల్లో ఉన్నవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? బీడు పడ్డ తోటలో ఫ్లావెసెన్స్ డోరే అనే తెగులు చేరితే, దోమలాంటి పురుగు దాన్ని పక్కవాడి తోటకి మోసుకుపోతుంది. 2023లో బోర్డోలో 6,000 చొప్పున ఇచ్చింది ఆ తెగులు పేరు మీదే.

పన్నులరావు: చూశారా! 4,000 కూడా కాదు, 6,000!

బోర్డో శీను: అది బోర్డో ఒక్కదానికే. కాస్త చదివి రాయండి.

గూడూరు నిమ్మ: మా నాయన రెండెకరాల నిమ్మచెట్లు కొట్టించినాడు. కోత కూలి గూడా రాలా. ఒక్క రూపాయి ఇచ్చినోడు లేడు. మూడ్రోజులు మంచం దిగలా ఆయన. ఫ్రాన్సోళ్ళకిస్తే నీకెందుకన్నా కడుపుమంట?

పన్నులరావు: మీ నాన్నగారి సంగతి వేరు. వీళ్ళు షాటోల వాళ్ళు.

బోర్డో శీను: సీసా మీద షాటో అని ఉంటే కోట ఉందనుకోకండి. మా ఓనరుదీ షాటోనే. రేకుల షెడ్డు, పాత ట్రాక్టరు. పేరున్న కొద్ది తోటలకే వందల యూరోల ధర. మిగతావాళ్ళ సరుకు టోకు వ్యాపారికి పోతుంది, రేటు ఆయన చెప్పిందే. ఓనరుకి 66. కొడుకు తూలూజ్‌లో ఉద్యోగం, తోట ముఖం చూడడు.

పన్నులరావు: అయితే నా సంగతీ వినండి. మూడేళ్ళ కింద నా టిఫిన్ హోటల్ మూతపడింది. తాగేవాళ్ళు తగ్గితే రైతుకి పరిహారం. తినేవాళ్ళు రాకపోతే నాకు బ్యాంకు నోటీసు. ఆయన చేసింది వ్యవసాయం, నేను చేసింది జూదమా?

లక్ష్మి_లియోన్: ఈ ముక్క మొదటే చెప్పుంటే ఇంత రభస ఉండేది కాదు కదండీ.

గూడూరు నిమ్మ: హోటలు ఇంకోచోట పెట్టుకోవచ్చన్నా. ముప్పయ్యేళ్ళ చెట్టు కొట్టినాక?

పన్నులరావు: ఎవరు పెట్టిస్తారు తమ్ముడూ? నాకప్పటికే 54.

గూడూరు నిమ్మ: అదీ నిజమేలే.

ఊరికే_చూస్తా: ఇంతకీ ఆ 4,000 ఎకరాకా, హెక్టారుకా?