బడి గ్రంథాలయానికి తగిన, పూర్తిగా ముగిసిన వాస్తవిక మాంగా ఏది?

మా ఉన్నత పాఠశాల గ్రంథాలయంలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇవ్వడానికి, ఆ వయసు కష్టాలను మాయలూ మంత్రాలూ లేకుండా చెప్పే మాంగా (జపాన్ బొమ్మల కథ) కోసం రెండు నెలలుగా వెతుకుతున్నాను. నేను కొలబద్దగా పెట్టుకున్నది యోషితోకి ఓయిమా గీసిన ‘ఎ సైలెంట్ వాయిస్’. 2013, 2014 సంవత్సరాల్లో ధారావాహికగా వచ్చి 7 సంపుటాల్లో ముగిసిన ఈ కథలో, వినికిడి లోపమున్న షోకోను ఆరో తరగతిలో ఏడిపించిన షోయా, ఆ తర్వాత తానే వెలివేతకు గురై ఎవరి ముఖమూ చూడలేని స్థితికి వస్తాడు. అతడికి కనిపించే చాలా ముఖాల మీద చిత్రకారిణి పెద్ద ఇంటూ గుర్తు గీశారు. ఆ గుర్తు ఊడిపడే పుటల దగ్గర పిల్లలు చాలాసేపు ఆగిపోతున్నారు. అయితే ఇందులో ఆత్మహత్యాయత్నం ఉన్నందున అందరి చేతికీ ఇవ్వడానికి వెనుకాడుతున్నాను.

పుస్తకాల సైట్లలో ‘స్కూల్’ విభాగం వెతికితే ప్రేమకథలే వచ్చాయి. షోనెన్ (అబ్బాయిలకు), షోజో (అమ్మాయిలకు), సేనెన్ (యువకులకు) అనే గుర్తులను నమ్ముకున్నా ఫలితం లేకపోయింది. అవి ఏ పాఠకుల కోసమో చెబుతాయే తప్ప కథావస్తువును చెప్పవు. తకెహికో ఇనోవే ‘రియల్’లో, ప్రమాదం తర్వాత కాళ్లు చచ్చుబడిన హైస్కూలు కుర్రాడి కోపం ఎంతో నిజంగా ఉంది గానీ, 1999లో మొదలైన ఆ కథ ఇంకా ముగియలేదు, సగం చదివిన పిల్లలు నన్ను ఊరికే వదలరు.

తోటివారి వేధింపులు, తల్లి లేదా తండ్రి మరణం, ఇంటి పేదరికం వంటివి ఇతివృత్తంగా, 10 సంపుటాల లోపు ముగిసి, ఆంగ్ల అనువాదం అచ్చులో దొరుకుతూ, ఆత్మహత్య దృశ్యాలు లేని మాంగా మీరు స్వయంగా చదివినది ఏదైనా ఉంటే, దాని పేరు చెప్పగలరా?