మళ్లీ కోవిడ్ లాంటిది వస్తే మా ఐసీయూలో ఎంతమంది నర్సులు మిగులుతారు?

కొత్త ఇన్‌ఛార్జ్, విజయవాడ:
వచ్చే నెల నుంచి నన్ను ఐసీయూ ఇన్‌ఛార్జ్‌గా వేస్తున్నారు. సంతోషం కంటే టెన్షనే ఎక్కువగా ఉంది. కారణం 2021 మే నెల. అప్పుడు ఇదే ఊళ్లో వేరే ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. 14 మందిమి ఉండేవాళ్లం. నెల తిరిగేసరికి 8 మందిమి మిగిలాం. వెళ్లినవాళ్లంతా వైరస్‌కి భయపడి వెళ్లారని మేనేజ్‌మెంట్ తేల్చేసింది. నాకు తెలిసి అలా వెళ్లింది ఒక్కరే, చంటిబిడ్డ తల్లి.

పీపీఈ వేసుకుంటే ఆరు గంటలు మంచినీళ్లు లేవు, బాత్రూమ్ లేదు. ఓర్చుకున్నారు. వెంటిలేటర్ మీదున్న ఒక్కో పేషెంటుకి ఒక్కో నర్సు ఉండాల్సింది, తలా నలుగురిని చూశాం. అదీ ఓర్చుకున్నారు. ఒక రాత్రి ఆక్సిజన్ ప్రెషర్ పడిపోతే డాక్టరుగారు బంధువుల ముందే మా పిల్లనొకదాన్ని “అంతా నీవల్లే” అని అరిచారు. ఇన్‌ఛార్జ్ మేడమ్ పక్కనే ఉండి నోరు మెదపలేదు. ఆ పిల్ల పొద్దున తర్వాతి షిఫ్టుకి పేషెంట్లను అప్పగించి వెళ్లింది, మళ్లీ రాలేదు. వారంలో దాని రూమ్మేట్లిద్దరూ మానేశారు.

నేను ఆగింది నాతో నైట్ చేసిన ఒక అక్క వల్ల. పీపీఈ విప్పే డాఫింగ్ గది బయట ఓఆర్‌ఎస్ బాటిల్ పట్టుకుని నిలబడేది. మా నాన్నకి పాజిటివ్ అని ఫోనొచ్చిన రోజు నన్ను ఇంటికి పంపేసి, నా పేషెంట్లనూ తనే చూసుకుంది.

ఇన్‌ఛార్జ్‌గా చేసినవాళ్లు చెప్పండి, మీరు మనుషుల్ని ఎలా నిలబెట్టుకున్నారు?

రిటైర్డ్ హెడ్ నర్స్, గుంటూరు:
అమ్మా, ముందు రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక చూసుకో. ఎవరికెన్ని నైట్లు పడ్డాయో అందరూ లెక్కపెట్టుకుంటారు. నీతో చదివినామెకి ఒక్క నైట్ తగ్గినా వార్డంతా తెలిసిపోతుంది. నేను రోస్టర్ గోడకి అంటించేదాన్ని. మారిస్తే ఎందుకు మార్చానో పక్కనే ఎర్ర ఇంకుతో రాసేదాన్ని. డాక్టరుగారు అరిస్తే మాత్రం మధ్యలోకి వెళ్లి “సార్, నాతో మాట్లాడండి” అను. తప్పు పిల్లదే అయినా సరే, తర్వాత గదిలో కూర్చోబెట్టి నువ్వు చెప్పు.

మేల్ నర్స్, ఐదేళ్ల సర్వీసు:
మంచిమాట ఒక్కటే సరిపోదు మేడమ్. 50 పడకల్లోపు ప్రైవేటు ఆస్పత్రిలోనూ నర్సు జీతం 20,000కి తగ్గకూడదని 2016లో కేంద్ర కమిటీ సిఫారసు చేసింది. మాకు ఇంకా అంత రావడం లేదు. ఇంటద్దె కట్టాలి కదా.

సింగ్‌నగర్ సిస్టర్:
తమ్ముడు చెప్పింది నిజమే. నా సంగతీ చెప్తాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చింది. మూడు రోజులు మేడ మీదే ఉన్నాం, ఫోన్‌లో చార్జింగ్ లేదు. ఆబ్సెంట్ వేసి జీతం కోస్తారనే దిగులు ఒకటి. నీళ్లు తీశాక మా ఇన్‌ఛార్జ్, ఇంకో ముగ్గురు ఫినాయిల్, చీపుళ్లు పట్టుకుని వచ్చారు. బురద ఎత్తారు. నా యూనిఫామ్‌లు పాడైతే తలా ఒక జత ఇచ్చారు. ఆ మూడు రోజులకీ ఇన్‌ఛార్జే లీవు రాయించింది. తర్వాత ఇంకోచోట నాలుగు వేలు ఎక్కువ ఇస్తామన్నారు, వెళ్లలేకపోయాను.

కొత్త ఇన్‌ఛార్జ్, విజయవాడ:
అందరికీ థ్యాంక్స్. జీతం నా చేతిలో లేదు తమ్ముడూ, కానీ మీటింగ్‌లో అడుగుతాను. ఒకటో తారీఖు నుంచి రోస్టర్ గోడ మీదే. అమ్మగారూ, అలా మధ్యలో నిలబడితే డాక్టరుగారు నా మీద కంప్లైంట్ పెడితే?

రిటైర్డ్ హెడ్ నర్స్, గుంటూరు:
పెడతారు. నా మీద రెండుసార్లు పెట్టారు. ఏం జరిగిందో ఆ గంటలోనే టైముతో సహా రిపోర్ట్ బుక్‌లో రాసి సంతకం పెట్టుకో. రెండుసార్లూ నన్ను కాపాడింది ఆ పేజీయే.