పెళ్ళి ఫొటోలు గుంటూరు నుంచి బెజవాడ పంపడానికి ఉచిత సాఫ్ట్‌వేర్ ఏది వాడాలి?

బ్రాడీపేట స్టూడియో:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు బ్రాడీపేటలో చిన్న ఫొటో స్టూడియో. అన్నయ్య, కుర్రాళ్ళు పెళ్ళిళ్ళకు వెళ్ళి తీసుకొస్తారు. కార్డుల్లోంచి దించడం, ఏరడం, కలర్ సరిచేయడం నా పని. ఆల్బమ్ డిజైన్ చేసేది విజయవాడ సత్యనారాయణపురంలో ఉండే ఒకాయన.

ఒక పెళ్ళంటే ఫొటోలు, వీడియో కలిపి 200 జీబీ ఈజీగా దాటుతోంది. కింద షాపులో ఉన్న సిస్టమ్‌లో కార్డులు దించుతాం. నా ఎడిటింగ్ సిస్టమ్ మేడ మీద. రెండూ కేబుల్‌తో ఒకే రౌటర్‌కి ఉన్నాయి, ఫోల్డర్ షేర్ చేసుకుని కాపీ పెడతాను. ఎంత సేపు చూసినా సెకనుకు 11 ఎంబీ దగ్గరే ఉంటుంది. పెట్టి పడుకుంటే, మధ్యలో కరెంటు పోయిందంటే పొద్దున్నే ఏది వచ్చిందో ఏది రాలేదో తెలియదు. మళ్ళీ మొదటి నుంచీ.

బెజవాడ పంపడం ఇంకో తలనొప్పి. హార్డ్‌డిస్క్ పట్టుకుని కుర్రాడు బస్సెక్కుతాడు. మొన్న మాఘమాసం సీజన్‌లో ఒక ఉచిత లింకు సైట్లో ఎక్కించి పంపాను. ఆయన పనుల్లో ఉండి ఆలస్యంగా తెరిచేసరికి లింకు గడువు అయిపోయింది. అవతల పెళ్ళికూతురి తండ్రి రోజూ ఫోను, ఆల్బమ్ ఎప్పుడమ్మా అని.

ఫైళ్ళు పంపే ప్రోగ్రాం ఫైల్‌జిల్లా వేసుకోమని ఒకరు చెప్పారు. అది వాడే ఎఫ్‌టీపీ పద్ధతి పాతబడింది, దాని జోలికి పోవద్దని ఇంకొకరు. ఇప్పట్లో డబ్బు పెట్టలేం, అలాగని దొంగ సాఫ్ట్‌వేర్ నా సిస్టమ్‌లో వేయను. రెండూ విండోస్ 11 సిస్టమ్‌లే, నెట్ ప్లాన్ 50 ఎంబీపీఎస్. తాళి కట్టే క్షణం మళ్ళీ తీయలేం కదండీ, ఒక్క ఫొటో కూడా పోకూడదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

గవర్నర్‌పేట నెట్‌వర్క్ పని:

అమ్మా, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూద్దాం. మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా పనికొచ్చే ముక్క ఆ 11 ఎంబీ. కాపీ వేగం ఎప్పుడూ అక్కడే ఆగుతోందంటే మీ రెండు సిస్టమ్‌ల మధ్య ఎక్కడో 100 ఎంబీపీఎస్ లింకు ఉంది. ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు, కాబట్టి లెక్క ప్రకారం సెకనుకు 12.5 ఎంబీ రావాలి, తరుగు పోను చేతికొచ్చేది 11. ఏ సాఫ్ట్‌వేర్ వేసినా అది దాటదు. 200 జీబీకి ఐదు గంటలు. అదే గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ లింకయితే సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది, డిస్కులు తట్టుకుంటే అరగంట పై చిల్లరలో అయిపోతుంది.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, దాంట్లో ఈథర్‌నెట్ తెరిస్తే లింక్ స్పీడ్ అని ఉంటుంది. రెండు సిస్టమ్‌లలోనూ చూడండి. 1000 ఉండాల్సిన చోట 100 ఉంటే కారణం సాధారణంగా రెండింట్లో ఒకటి. మొదటిది రౌటర్. వైఫై స్పీడు పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసి, వెనక పోర్టులు మాత్రం 100వే ఇచ్చినవి మార్కెట్లో చాలా ఉన్నాయి. రెండోది కేబుల్. లోపల ఎనిమిది తీగలుంటాయి. 100 ఎంబీపీఎస్‌కి నాలుగు చాలు: 1, 2, 3, 6 పిన్నులు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. మేడ మీదికి లాగిన కేబుల్‌లో ఎలకలు కొరికో, క్లిప్పు సరిగ్గా నొక్కకో మిగతా నాలుగింట్లో ఒక్క తీగ వదిలినా లింకు 100కి పడిపోతుంది. నెట్ మామూలుగానే వస్తుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రోజూ చేసే పని కాబట్టి చెప్తున్నాను, ముందు కేబుల్ టెస్టర్ పెట్టించండి. ఆ తర్వాతే రౌటర్ మీద అనుమానపడండి. రౌటర్ పోర్టులే 100వైతే దాన్ని మార్చక్కర్లేదు. ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి పెట్టి రెండు సిస్టమ్‌లూ దానికి తగిలించండి. ఉచితం కాదు కానీ పెద్ద ఖర్చూ కాదు.

ఇక షాపు నుంచి మేడ మీదికి. దీనికి కొత్తగా ఏదీ దించుకోనక్కర్లేదు, విండోస్‌లోనే రోబోకాపీ అనే కాపీ కమాండ్ ఉంది, విస్టా కాలం నుంచీ వస్తోంది. కమాండ్ ప్రాంప్ట్‌లో రోబోకాపీ అని కొట్టి, ఎక్కణ్ణుంచి, ఎక్కడికి అని ఇచ్చి, స్లాష్ ఈ, స్లాష్ జెడ్ తగిలించండి. ఈ అంటే లోపలి ఫోల్డర్లన్నీ. జెడ్ అంటే మధ్యలో తెగితే పెద్ద ఫైలును ఆగిన చోటు నుంచి అందుకోవడం. కరెంటు పోయి వచ్చాక అదే కమాండ్ మళ్ళీ కొట్టండి, అప్పటికే పూర్తిగా వచ్చినవి వదిలేసి మిగతావి తెస్తుంది. రెండు జాగ్రత్తలు. ఒక ఫైలు తెరుచుకోకపోతే మామూలుగా అది 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. అందుకే స్లాష్ ఆర్ కోలన్ 2, స్లాష్ డబ్ల్యూ కోలన్ 5 అని తప్పకుండా పెట్టండి. రెండోది, ఎవరైనా స్లాష్ ఎంఐఆర్ వాడమంటే వినొద్దు. అవతలి ఫోల్డర్‌లో ఉండి ఇవతల లేనివన్నీ అది చెరిపేస్తుంది.

కమాండ్లంటే ఇబ్బందైతే లోకల్‌సెండ్ వేసుకోండి. ఓపెన్ సోర్స్, ఉచితం, ఇంటర్నెట్టే అక్కర్లేదు, ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న సిస్టమ్‌లు ఒకదాన్నొకటి కనిపెట్టుకుంటాయి. కనిపించకపోతే విండోస్‌లో ఆ నెట్‌వర్క్ 'పబ్లిక్' అని ఉందేమో చూసి 'ప్రైవేట్' చేయండి. గెస్ట్ వైఫైలో మాత్రం ఉండకూడదు. అన్నయ్య ఫోన్లోంచి నాలుగు ఫొటోలు లాగడానికి దీన్ని మించింది లేదు. 200 జీబీకి మాత్రం నా ఓటు రోబోకాపీకే.

ఫైల్‌జిల్లా విషయంలో మీకు చెప్పిన ఇద్దరూ సగమే చెప్పారు. ఎఫ్‌టీపీ 1971లో పుట్టింది. దాని మొదటి నిర్దేశం రాసింది మనవాడే, కాన్పూర్ ఐఐటీ మొదటి బ్యాచ్ విద్యార్థి అభయ్ భూషణ్, అప్పుడు ఎంఐటీలో ఉన్నారు. ఆనాటి నెట్‌వర్క్‌లో ఉన్నది కొద్దిమంది, ఒకరినొకరు నమ్మేవాళ్ళు. అందుకే దాంట్లో పాస్‌వర్డ్ కూడా దాపరికం లేకుండా పోతుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 2021లో దాన్ని తీసేశాయి. అయితే ఫైల్‌జిల్లాకు ఎఫ్‌టీపీ ఒక్కటే కాదు, ఎస్‌ఎఫ్‌టీపీ కూడా వచ్చు. అది ఎస్‌ఎస్‌హెచ్ అనే భద్రమైన కనెక్షన్ మీద, అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే మధ్యలో ఎవరూ చదవలేకుండా నడుస్తుంది. విన్‌ఎస్‌సీపీ కూడా అంతే, విండోస్‌కి మాత్రమే ఉంది, నాకు అదే ఇష్టం. ఎస్‌ఎఫ్‌టీపీలో పెద్ద ఫైలును ముందు డాట్ ఫైల్‌పార్ట్ అనే పేరుతో పంపి, పూర్తయ్యాకే అసలు పేరు పెడుతుంది. సగం వచ్చిన ఫైలును మొత్తం వచ్చిందనుకునే ప్రమాదం ఉండదు.

కానీ ఈ రెండూ క్లయింట్లమ్మా, అంటే ఇవతలి కొసే. అవతల సర్వర్ ఉంటేనే పని. ప్రింటింగ్ ల్యాబ్ వాళ్ళు అడ్రసూ పాస్‌వర్డూ ఇచ్చారంటే వీటితో పంపండి. మీ ఇంటి నుంచి డిజైనర్ గారి ఇంటికైతే కుదరదు. మన ఇళ్ళ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి చేరుకోగలిగే నెట్ అడ్రసు ఉండదు, ఒకే ఐపీ వెనక చాలామందిని పెడతారు. బయటి నుంచి మీ సిస్టమ్‌కి దారి దొరకదు.

మీకూ డిజైనర్ గారికీ సరిపోయేది సింక్‌థింగ్, రెండు సిస్టమ్‌లలో ఒక ఫోల్డర్‌ను ఒకేలా ఉంచే ప్రోగ్రాం. ఇదీ ఓపెన్ సోర్సే. రెండు వైపులా వేసి, డివైస్ ఐడీలు మార్చుకుని, ఒక ఫోల్డర్ కలుపుకోవాలి. అంతే, ఇద్దరి సిస్టమ్‌లూ ఆన్‌లో ఉన్నప్పుడల్లా దానంతటదే వెళ్తుంటుంది, నెట్ పోతే ఆగి, వచ్చాక అందుకుంటుంది. గడువు అనే గొడవ లేదు. నేరుగా దారి దొరకకపోతే మధ్యలో అందించే రిలే సర్వర్ల మీదుగా పోతుంది. అప్పుడు వేగం తగ్గుతుంది కానీ అంతా ఎన్‌క్రిప్ట్ అయి పోతుంది కాబట్టి రిలే నడిపేవాళ్ళు మీ ఫొటోలు చూడలేరు.

పటమట ఆల్బమ్ డిజైనర్:

పై అన్న చెప్పింది బాగుంది, కానీ మాలాంటివాళ్ళకు 200 జీబీ ఎందుకు మేడం? 12x36 అంగుళాల ఆల్బమ్ షీటుకు మీరు ఏరి, కలర్ చేసిన జేపెగ్‌లు చాలు. 600 ఫొటోలనుకోండి, ఒక్కోటి 10 ఎంబీ, మొత్తం 6 జీబీ. మీ అప్‌లోడ్ కూడా 50 ఉంటే పావుగంట పని. 200 జీబీ అదే నెట్‌లో తొమ్మిది గంటలు. రా ఫైళ్ళు (కెమెరా ఇచ్చిన అసలువి), వీడియో మీ దగ్గరే ఉంచండి. నిజంగా మొత్తం కావాల్సి వస్తే మీ కుర్రాడు బస్సెక్కడమే నయం, రెండు గంటల్లో బెంజి సర్కిల్లో దిగుతాడు.

ఇంకోటి. వాట్సాప్‌లో పంపే స్టూడియోల వాళ్ళు ఇంకా ఉన్నారు. ఫొటోగా పంపితే కుదించేస్తుంది. అత్యవసరంగా ఒకటీ అరా పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నదున్నట్టు వస్తుంది. ముఖం పగిలిపోయిన ఫొటోను 36 అంగుళాల షీటు మీద పరచమంటే నేనేం చేయను?

అరండల్‌పేట డీటీపీ:

ఊళ్ళో మనిషిగా రెండు మాటలు. గూగుల్‌లో పేరు కొట్టగానే పైన వచ్చే ప్రకటనల్లోంచి ఏదీ దించుకోవద్దు, అచ్చం అలాగే ఉండే దొంగ సైట్లుంటాయి. విన్‌ఎస్‌సీపీ డాట్ నెట్, సింక్‌థింగ్ డాట్ నెట్, లోకల్‌సెండ్ డాట్ ఆర్గ్ అని మీరే టైప్ చేయండి. ఫైల్‌జిల్లా సొంత సైట్లో కూడా విండోస్‌కి పైకి కనిపించే ఇన్‌స్టాలర్‌లో వేరే ప్రోగ్రాముల ఆఫర్లు కలిసి వస్తాయి. కింద అదనపు డౌన్‌లోడ్లు అనే లింకులో అవి లేనిది దొరుకుతుంది.

టెరాకాపీ అనే కాపీ ప్రోగ్రాం గురించి ఎవరైనా చెప్తే, మంచిదే, కాపీ అయ్యాక సరిచూస్తుంది. కానీ ఉచిత వెర్షన్ వ్యాపారానికి కాదు, సొంత వాడకానికే. మీది స్టూడియో. పైన చెప్పిన మిగతావాటికి ఆ ఇబ్బంది లేదు. నేను ఫైళ్ళు సరిచూడటానికి సెవెన్‌జిప్ వాడతాను. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి షా256 తీస్తే ఆ ఫైళ్ళకు వేలిముద్ర లాంటి ఒక పొడుగాటి సంఖ్య వస్తుంది. రెండు సిస్టమ్‌లలోనూ తీసి పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఎక్కడో ఒక ఫైలు మారినట్టే.

పెన్‌డ్రైవ్‌లో పెద్ద వీడియో ఎక్కట్లేదంటే అది ఫ్యాట్32లో ఉన్నట్టు, 4 జీబీ దాటిన ఫైలు తీసుకోదు. లోపల ఉన్నది వేరేచోట పెట్టుకుని ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేయండి.

బ్రాడీపేట స్టూడియో:

అందరికీ చాలా థాంక్స్ అండీ. లింక్ స్పీడ్ చూశాను. కింద సిస్టమ్‌లో 1000, నా దాంట్లో 100. టెస్టర్ పెట్టిస్తే 7వ లైటు వెలగలేదు. మెట్ల దగ్గర మేకు కొట్టిన చోట కేబుల్ నలిగింది. మార్పించాం. ఇప్పుడు 100 ఎంబీ పైనే వస్తోంది, పంతులుగారు సంకల్పం చెప్పించే వీడియో ఫైలు కళ్ళ ముందే వెళ్ళిపోయింది! అన్నయ్య అయితే నమ్మలేదు.

సింక్‌థింగ్ కూడా పెట్టాం, డిజైనర్ గారు ఫోన్లోనే ఐడీ ఫొటో పంపారు. ఒక్క భయం మాత్రం ఉంది. ఆయన పని అయ్యాక తన ఫోల్డర్‌లో ఫొటోలు తీసేస్తే నా దగ్గర కూడా పోతాయా?

గవర్నర్‌పేట నెట్‌వర్క్ పని:

మంచి ప్రశ్న అడిగారమ్మా. ఇప్పుడున్నట్టు వదిలేస్తే పోతాయి. ఫోల్డర్ ఎడిట్ చేసి, అడ్వాన్స్‌డ్‌లో ఫోల్డర్ టైప్ 'సెండ్ ఓన్లీ' పెట్టండి, ఆయన వైపు 'రిసీవ్ ఓన్లీ'. అప్పుడు ఆయన ఏం తీసేసినా మీ దగ్గర కదలదు. తేడా వచ్చిందని ఆయన వైపు చూపిస్తుంది, ఊరుకోవచ్చు. డిజైన్ చేసిన షీట్లు తిరిగి రావడానికి వేరే ఫోల్డర్ పెట్టి, అది ఆయన వైపు 'సెండ్ ఓన్లీ' చేయించండి. మీ వైపు ఆ ఫోల్డర్‌కి ఫైల్ వెర్షనింగ్ కూడా ఆన్ చేస్తే, ఆయన ఒక షీటు మార్చి పంపినా పాతది మీ దగ్గర మిగులుతుంది.

మీరే తీసేస్తే మాత్రం ఆయన దగ్గరా పోతుంది, కాబట్టి దీన్ని బ్యాకప్ అనుకోవద్దు. మేడ మీది కాపీ, విడిగా ఒక హార్డ్‌డిస్క్‌లో కాపీ, రెండింటికీ షా256 కలిశాకే కార్డులు ఫార్మాట్ చేయమని కుర్రాళ్ళకు చెప్పండి. రౌటర్‌ని కూడా ఇన్వర్టర్ లైన్లో పెట్టించండి, వేసవి కోతల్లో రాత్రిపూట అప్‌లోడ్ ఆగకుండా ఉంటుంది.